క్షయ చికిత్స ఇంటికి వచ్చిన కథ

వారం పది రోజుల్లో నయమయ్యే జబ్బు చరిత్ర రాయాలంటే వైద్యుల గురించి, మందుల గురించి రాస్తే చాలావరకు సరిపోతుంది. నెలల తరబడి, ఏళ్ల తరబడి మనిషిని పట్టుకొని ఉండే జబ్బు సంగతి వేరు. రోగి రోజూ ఏం తింటాడు, పనికి వెళ్లగలడా లేదా, వెళ్లకపోతే ఇల్లు గడిచేదెలా, మందు ఎవరు తెస్తారు, గుర్తుపెట్టుకొని ఎవరు వేయిస్తారు, ఇరుగుపొరుగుకు తెలిస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నీ అప్పుడు చరిత్రలో భాగమవుతాయి. మన ఉపఖండంలో ఇలాంటి దీర్ఘవ్యాధుల్లో జనానికి బాగా పరిచయమైనది క్షయ. దాని చికిత్స కొండగాలి తగిలే శానటోరియంల నుంచి మద్రాసు నగరంలోని ఇరుకు ఇళ్లలోకి ఎలా వచ్చిందో, అలా వచ్చినప్పుడు చికిత్స భారం ఎవరి భుజాల మీద పడిందో ఈ వ్యాసంలో చూద్దాం.

క్షయం అంటే తరిగిపోవడం. పాత వైద్య గ్రంథాలు ఈ జబ్బును రాజయక్ష్మ అన్నాయి. దీని పుట్టుక గురించి చరక సంహిత ఒక కథ చెబుతుంది. దక్షుని కుమార్తెలను పెళ్లాడిన చంద్రుడు వారిలో రోహిణి ఒక్కతెనే ఆదరించి, మామగారి కోపానికి గురై రోజురోజుకూ చిక్కిపోయాడట. కథ మాట ఎలా ఉన్నా, మనిషి కరిగిపోవడాన్ని చంద్రకళ తరిగిపోవడంతో పోల్చినవారు రోగిని చాలా దగ్గరగా చూసి ఉండాలి. ఆ గ్రంథం చెప్పిన చికిత్సలో మాంసరసాలు, పాలు, నెయ్యి వంటి పుష్టినిచ్చే ఆహారానికి పెద్ద స్థానం ఉంది. విద్యార్థులు ఈ ఆహారం సంగతి గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర్లో దానితో మళ్లీ పని పడుతుంది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. వంశపారంపర్యంగా వస్తుందనుకున్న జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదని తేలింది. అయితే సూక్ష్మజీవి దొరికినా దాన్ని చంపే మందు దొరకడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. జర్మనీలో అంతకు ముందే మొదలైన శానటోరియంలు ఆ అరవై ఏళ్ల ఖాళీలోనే ప్రపంచమంతా పాకాయి. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, బలమైన తిండి ఉంటే శరీరమే జబ్బును జయిస్తుందన్నది వాటి సిద్ధాంతం. అందులో మరో లాభం కూడా ఉంది. రోగి ఇంట్లో లేకపోతే ఇంట్లోవాళ్లకు జబ్బు అంటదు.

మన దేశంలో మొదటి శానటోరియం 1906లో అజ్మీరు దగ్గర తిలౌనియాలో వెలిసింది. ఆ తర్వాత ఆల్మోరా, ధరంపూర్, భోవాలీ వంటి చోట్ల, ఎక్కువగా హిమాలయ పాదాల్లో, మరికొన్ని వచ్చాయి. తెలుగు నేల మీద రాయలసీమలోని మదనపల్లె దగ్గర, పొడి గాలి వీచే ఎత్తైన చోట, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో ఒక శానటోరియం తలపెట్టాయి. 1915 నుంచి అక్కడ రోగులను చేర్చుకున్నారు. ఆ చోటుకు ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. డెన్మార్క్ దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. మన దేశంలో బి.సి.జి. టీకా మొదట వేసింది కూడా 1948లో మదనపల్లెలోనే.

శానటోరియంలో రోజు ఎలా గడిచేది? రోగి వరండాలో, బయటి గాలి తగిలేలా వేసిన మంచం మీద గంటల తరబడి పడుకోవాలి. వేళకు జ్వరం చూస్తారు, వేళకు తిండి పెడతారు, వారం వారం బరువు తూస్తారు. జ్వరం తగ్గితే కొద్దిదూరం నడవనిస్తారు, ఇంకా తగ్గితే మరికొంత దూరం. ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించేవారు. కొందరికి పక్కటెముకలు కోసి తీసేవారు. ఇలా ఆరు నెలలు, ఏడాది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ గడపాలి. రోగిగా ఉండటమే అక్కడ పూర్తికాలపు ఉద్యోగం. మందు, తిండి, విశ్రాంతి, వేళ అన్నీ సంస్థే చూసుకుంటుంది.

ఇంటి యజమాని ఏడాదిపాటు మంచం మీద పడుకుంటే కుటుంబం ఏం తినాలి? ఆ సంగతి మాత్రం ఏ సంస్థా చూసుకోలేదు. అందుకే శానటోరియం చాలావరకు కలిగినవాళ్ల చికిత్సగానే మిగిలింది. జవాహర్‌లాల్ నెహ్రూ భార్య కమల 1934లో భోవాలీలో చేరారు. భర్తను దగ్గర్లోని ఆల్మోరా జైలుకు మార్చి, అప్పుడప్పుడు ఆమెను చూడటానికి అనుమతించారు. తర్వాత ఆమెను యూరప్ తీసుకువెళ్లారు. 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండులోని లొసాన్‌లో ఆమె మరణించారు. అన్ని వసతులూ ఉన్న ఇంటికే ఈ గతి పడితే మిగతావారి మాట చెప్పనక్కర లేదు. వసతులున్నవారికి కూడా జబ్బు పేరు పైకి చెప్పడం కష్టంగానే ఉండేది. మహమ్మద్ అలీ జిన్నాకు క్షయ ఉన్న సంగతి 1948లో ఆయన చనిపోయేదాకా బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు.

1946లో భోర్ కమిటీ తన నివేదికలో దేశం మొత్తానికి లెక్క చెప్పింది. చికిత్స అవసరమైన క్షయ రోగులు సుమారు 25 లక్షలు. వారికోసం ఉన్న పడకలు సుమారు 6,000. అంటే ఒక్కో మంచానికి నాలుగు వందల మందికి పైగా. 1955 నుంచి 1958 వరకు భారత వైద్య పరిశోధన మండలి జరిపిన జాతీయ సర్వేలో ఇంకో నిజం బయటపడింది. క్షయ పట్టణాల జబ్బు అన్న నమ్మకం తప్పు. పల్లెల్లో కూడా అది దాదాపు అంతే ఉంది. మంచాలు కట్టుకుంటూ పోయి ఈ జబ్బును అందుకోవడం జరిగే పని కాదని ఆ సర్వే తర్వాత ఎవరూ వాదించనక్కర లేకపోయింది.

ఈలోగా మందులు వచ్చాయి. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. స్వీడన్‌లో లేమన్ పి.ఎ.ఎస్. అనే మందును ముందుకు తెచ్చాడు. 1952లో ఐసొనియాజిడ్ వచ్చింది. న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఆ మందు వేసుకున్న రోగులు లేచి నాట్యం చేస్తున్న ఫొటోలు ఆ ఏడాది పత్రికల్లో వచ్చాయి. ఐసొనియాజిడ్ చవక, నోటితో మింగే మాత్ర. అయితే ఒక్క మందే వాడితే సూక్ష్మజీవి కొద్ది నెలల్లో దానికి లొంగకుండా తయారవుతుంది. రెండు మందులు కలిపి, మానకుండా, ఏడాదికి తక్కువ కాకుండా వాడాలి. చికిత్సలో అసలు కష్టం అప్పటి నుంచి ఇక్కడే ఉంది.

మందు నోటితో మింగేదైతే రోగి శానటోరియంలోనే ఎందుకు ఉండాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి 1956లో మద్రాసులోని చేట్‌పట్‌లో క్షయ మందుల చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన ఏర్పాటు ఇది. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు నాయకత్వం వహించారు.

వారు చేసిన పరిశోధన తీరును విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. నగరంలోని పేద కుటుంబాల నుంచి వచ్చిన 193 మంది రోగులను తీసుకున్నారు. ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు శానటోరియానికి వెళ్లాలి అన్నది డాక్టరు ఇష్టానికి గాని రోగి ఇష్టానికి గాని వదలలేదు. చీటీలు వేసి పంచినట్టు, ముందే తయారుచేసిన క్రమం ప్రకారం రెండు జట్లుగా విడదీశారు. అలా చేయకపోతే బలంగా ఉన్నవారిని ఇంటికి, నీరసంగా ఉన్నవారిని శానటోరియానికి పంపే ప్రమాదం ఉంటుంది, అప్పుడు పోలికకు అర్థం ఉండదు. ఇద్దరికీ ఒకే మందులు, ఐసొనియాజిడ్, పి.ఎ.ఎస్., పన్నెండు నెలలపాటు. శానటోరియం వారికి విశ్రాంతి, మంచి తిండి, నర్సులు. ఇంటి వారికి గది నిండా మనుషులు, చాలీచాలని తిండి, చాలామందికి పని కూడా.

ఏడాది తర్వాత తెమడ పరీక్షల్లో జబ్బు అణిగినట్లు తేలినవారు శానటోరియంలో నూటికి 92 మంది, ఇంట్లో నూటికి 86 మంది. 1959లో ఈ ఫలితాలు ప్రచురితమైనప్పుడు వైద్య లోకం ఆశ్చర్యపోయింది. శతాబ్ద కాలంగా చికిత్సకు ప్రాణమనుకున్న గాలి, విశ్రాంతి, తిండి లేకుండానే మందు తన పని తాను దాదాపు అంతే చేసింది. మరి ఇంట్లోవాళ్ల సంగతి? రెండు జట్ల కుటుంబాలనూ ఐదేళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల పిల్లలకు, తోడున్నవారికి జబ్బు ఎక్కువగా రాలేదు. అంటుకునేదేదో చాలావరకు జబ్బు బయటపడకముందే అంటుకుంటుంది, మందు మొదలయ్యాక రోగి నుంచి వ్యాప్తి త్వరగా తగ్గిపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా శానటోరియంలు మూతపడటానికి ఈ మద్రాసు పరిశోధన ముఖ్య కారణాల్లో ఒకటి. పేద దేశంలో పేదవారి ఇళ్లలో జరిగిన పరిశోధన సంపన్న దేశాల వైద్యాన్ని మార్చడం చరిత్రలో అరుదు. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి రావలసినంత చోటు రాలేదని నా అభిప్రాయం.

అయితే ఇంటి జట్టువారిని మందు పొట్లం చేతిలో పెట్టి వదిలేయలేదు. వారు వారం వారం కేంద్రానికి వచ్చి ఉచితంగా మందులు తీసుకునేవారు. రాకపోతే ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లేది. చెప్పకుండా వెళ్లి మిగిలిన మందులు లెక్కపెట్టేవారు. మూత్రం నమూనా తీసుకొని అందులో మందు జాడ ఉందో లేదో పరీక్షించేవారు. ఇంట్లో పెద్దలతో కూర్చొని జబ్బు గురించి మాట్లాడేవారు. గ్రాముల కొద్దీ మింగవలసిన పి.ఎ.ఎస్. కడుపులో తిప్పుతుంది, వికారం పుట్టిస్తుంది. రోగి చెప్పే మాటకూ మూత్రం చెప్పే మాటకూ తేడా ఉంటుందని ఫాక్స్ త్వరలోనే గ్రహించారు. తనంతట తాను మందు వేసుకోవడమనే సమస్య మీద 1958లోనే ఆయన ఒక వ్యాసం రాశారు. మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులకు రోజూ మాత్రలు మింగే ఏ ఇంటివారికైనా ఆ సమస్య పరిచితమే. ఒంట్లో బాగున్నప్పుడు మందు వేసుకోవడం బాగా లేనప్పుడు వేసుకోవడం కన్నా కష్టం.

1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలైంది. ఇంటి చికిత్సే దానికి పునాది. ఆలోచన గొప్పది. కాని నా ఉద్దేశంలో, మద్రాసు ఫలితాన్ని దేశమంతటికీ తీసుకువెళ్లినవారు మద్రాసు ఏర్పాటును తీసుకువెళ్లలేదు. జిల్లాల్లో వారానికి ఒకసారి కాదు, నెలకు సరిపడా మందు ఒక్కసారే ఇచ్చేవారు. ఇంటికి వచ్చి చూసేవారు కరువు. చికిత్స కాలం ఏడాది నుంచి ఏడాదిన్నర. రెండు నెలల్లో దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, కూలికి వెళ్లే శక్తి వస్తుంది. ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. సగంలో మానేసినవారు లెక్కకు మించారు. రిజిస్టర్లలో వారిని డిఫాల్టర్లు అని రాశారు. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవారికి వాడే మాటే ఇది. చికిత్స చెడితే తప్పు రోగిదేనని ఆ ఒక్క మాట తీర్పు చెప్పేసింది. 2013లో గాని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను తన నిర్వచనాల నుంచి తొలగించలేదు.

నిర్లక్ష్యం నిజంగా ఎవరిదో అప్పటికే ఒక అధ్యయనం చెప్పింది. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ తరఫున దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో రోగులను కలిశారు. పల్లెవాసులకు జబ్బు తెలియదు, పట్టించుకోరు అన్న మాట నిజమో కాదో చూడాలనుకున్నారు. 1963లో వచ్చిన వారి నివేదిక ప్రకారం దాదాపు అందరికీ తమకు ఏదో జబ్బు చేసిందని తెలుసు. సుమారు సగం మంది అప్పటికే ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ వారికి తెమడ పరీక్ష జరగలేదు. దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు.

మద్రాసు కేంద్రం మాత్రం తన ప్రశ్నను వదల్లేదు. రోజూ ఇంట్లో మింగే బదులు, వారానికి రెండుసార్లు కేంద్రానికి వచ్చి కార్యకర్త ఎదుట మందు తీసుకుంటే ఎలా ఉంటుంది? 1964లో ప్రచురించిన ఫలితాల్లో ఈ పద్ధతి రోజువారీ చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. తర్వాత రిఫాంపిసిన్ రాకతో చికిత్స ఆరు నెలలకు తగ్గింది. ఈ రెండూ కలిసినదే డాట్స్ పద్ధతి. మన దేశంలో 1993లో ప్రయోగాత్మకంగా, 1997 నుంచి విస్తృతంగా, 2006 మార్చి నాటికి దేశమంతటా అమలైంది. వారానికి మూడుసార్లు, మరొకరు చూస్తుండగా మందు మింగాలి. ఎంతోమంది ప్రాణాలు దీనివల్ల నిలిచాయి. కాని చూసేవారి వేళకు రోగి వెళ్లాలా, రోగి వేళకు చూసేవారు ఉండాలా అన్నది ప్రతి ఊళ్లోనూ తేల్చుకోవలసి వచ్చింది. హైదరాబాద్‌లో 1995లో మహావీర్ ఆసుపత్రి ఒక దారి చూపింది. ప్రైవేటు డాక్టర్లు తమ రోగులను అక్కడికి పంపితే పరీక్షలు, మందులు ఉచితం. మందు మింగడం మాత్రం ఇంటికి దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోముల్లో. పనికి పోయేవాడికి ఈ దగ్గరితనమే చికిత్స. మిగతా చోట్ల వారానికి మూడు రోజులు కేంద్రానికి వెళ్తుంటే వాడకట్టంతటికీ జబ్బు సంగతి తెలిసిపోయేది, పెళ్లి కావలసిన ఆడపిల్లల విషయంలో ఇది చిన్న మాట కాదు.

2017లో రోజూ మందు వేసుకునే పద్ధతి తిరిగి వచ్చింది. మాత్రలు కలిపి ఒకే బిళ్లగా చేశారు, నిఘా కొంత ఫోన్‌లోకి మారింది. మందులకు లొంగని క్షయ వచ్చినవారి కథ ఇంకా కఠినం. చాలాకాలంపాటు వారికి రెండేళ్ల వరకు చికిత్స ఉండేది, సూది మందుల వల్ల కొందరికి వినికిడి కూడా పోయింది. ఇప్పుడు అది కూడా చాలామందికి ఆరు నెలల మాత్రలకు తగ్గింది.

మొదట గుర్తుంచుకోమన్న ఆహారం సంగతికి వద్దాం. మద్రాసు కేంద్రం 1961లో ఇంకో ఫలితం ప్రచురించింది. శానటోరియం రోగులు ఎక్కువ మాంసకృత్తులు, కొవ్వు తిన్నారు, బరువు కూడా ఎక్కువ పెరిగారు. అయినా జబ్బు అణగడంలో ఇంటి రోగులు వెనుకబడలేదు. ఆ శాస్త్రవేత్తలు చెప్పింది ఇంతే: తిండి చాలకపోయినా మందు పనిచేస్తుంది. విన్నవారు దాన్ని తిండి అక్కర్లేదు అన్నట్టుగా తీసుకున్నారు. బడ్జెట్లు వేసేవారికి ఈ అర్థం ఎంతో సౌకర్యంగా ఉంది. కొన్ని దశాబ్దాలపాటు క్షయ కార్యక్రమంలో బిళ్ల ఉంది, పళ్లెం లేదు. 2018లో రోగికి నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు, 2024 నవంబరు నుంచి అది 1,000 రూపాయలైంది.

2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో మరో పరిశోధన జరిగింది. 2,800 మంది రోగులకు మందులతోపాటు నెలనెలా ఆహారం ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు నూటికి ఐదు వంతులు పెరిగినవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. వారి ఇళ్లలోని పదివేల మందికి పైగా కుటుంబ సభ్యులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టులో మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. మద్రాసు వారు ఐదేళ్లు గమనించిన కుటుంబాల వంటివే ఇవీ. అక్కడ రోగి ఇంట్లో ఉంటే మిగతావారికి ఏమవుతుందని అడిగారు. ఆ మిగతావారి కంచంలో ఏముందని జార్ఖండ్‌లో అడిగారు.